సైలెన్సర్‌లో నల్లమట్టి

నా చిన్నప్పుడు నారాయణఖేడ్‌లో మోటారు బండి ఉన్న ఇళ్ళు మూడో నాలుగో ఉండేవి. అందులో మాదొకటి అని గొప్పగా చెప్పుకోవాలనే ఉంటుంది కానీ, మా బండిని చూసినవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయేవారు. ఎవరో దొర వాడి వాడి విసిగి వదిలేసిన కారది. మా నాన్న దాన్ని కొని, వెనక సగం కోయించి, టేకు పలకలతో తొట్టి కట్టించాడు. ముందు నుంచి చూస్తే కారు, వెనక నుంచి చూస్తే ఎడ్లబండి. కంగ్టి, మనూరు వైపు నుంచి కందులు, పెసలు వేసుకుని బీదరుకు పోయేది. మా పెద్దలు కన్నడ సీమ నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి నాన్నను మేము అప్ప అనేవాళ్ళం. అప్ప మా నలుగురు ఆడపిల్లల పేర్లు తారుమారు చేసి పిలిచేవాడు కానీ, ఆ బండిలో ఏ మేకు ఎక్కడుందో మాత్రం ఎన్నడూ మరిచిపోలేదు.

నేను మూడోదాన్ని. అప్పుడు తొమ్మిదేళ్ళు. ఒకరోజు బీదరు నుంచి మా మేనత్త భర్త వచ్చాడు. వాళ్ళకు పిల్లల్లేరు. ఆయనా అప్పా పడసాలలో కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. తమలపాకులు, కొబ్బరి, బెల్లం చేతులు మారాయి. ఆ చేతుల మధ్య నేను కూడా మారిపోయాను. నన్ను పెంపకానికి ఇచ్చేశారన్న సంగతి అమ్మ వంటింట్లో నా నోట్లో బెల్లంముక్క పెడుతూ చెప్పింది. "ఏడ్వకు బిడ్డా. తాంబూలాలిచ్చినంక ఏడిస్తే పోయే ఇంటికి మంచిది గాదు" అంది. మా వాళ్ళలో అదొక పట్టింపు. పెంపకానికి పోయే పిల్ల ఆ ఇంటి గడప తొక్కేదాకా కంటతడి పెట్టకూడదు. ఆ బెల్లాన్ని మింగలేక, ఉమ్మలేక, నోరు మూసుకుని అలాగే నిలబడ్డాను.

ఎవరైనా నన్ను కొట్టి పంపిస్తుంటే కనీసం కోపం వచ్చేది. అందరూ ముద్దుచేసేవాళ్ళే. నా అదృష్టమే అదృష్టమని పక్కింటివాళ్ళు వచ్చి బుగ్గలు పుణికేవారు. నాకు కుట్టించిన రెండు లంగాలు చూసి అక్కలు కుళ్ళుకునేవారు. పారిపోదామా అంటే ఏ దారిన పోయినా తెలిసినవాళ్ళే. చెయ్యి పట్టుకుని మళ్ళీ మా గడప దగ్గరే దింపి పోతారు. రాత్రి పడుకుంటే అమ్మ ఒకవైపు, అక్క ఒకవైపు. ఆ ఇరుకులో కళ్ళు తెరుచుకుని, ఏడుపు ఆపుకుంటూ ఉండేదాన్ని.

నన్ను కాపాడింది ఆ బండే, కొన్నాళ్ళు. దాని పొగగొట్టం తుప్పుపట్టి ఊడిపోయింది. అంగడి రోజున అప్ప బజారు నడుమ బండి నడిపేసరికి ఆ చప్పుడుకి ఎడ్లు బెదిరి, ఒకాయన జొన్నల బండి బోర్లాపడింది. ఠాణాలో అమీన్ సాబ్ అప్పను పిలిపించి, మంచి సైలెన్సర్ బిగించేదాకా బండి వాకిలి దాటొద్దన్నాడు. నన్ను బీదరుకు తీసుకుపోవాల్సింది ఆ బండిలోనే. అది కదలకపోతే నేనూ కదలను. రోజూ పొద్దున్నే లేచి పోయి, అది అక్కడే ఉందా లేదా అని చూసుకునేదాన్ని.

ఎన్నాళ్ళు ఉంటుంది మరి? అప్ప కబురు పెడితే బీదరు నుంచి మోటారు బండ్లు బాగుచేసే మిస్త్రీ వచ్చాడు. తెల్లగడ్డం, నూనె మరకల లాల్చీ. మేము ఆయన్ని మిస్త్రీ తాత అనేవాళ్ళం. యుద్ధకాలం కాబట్టి కొత్త సామాను దొరికే మాటే లేదు. పాత బండ్ల నుంచి విప్పిన మూడు సైలెన్సర్లు గోనెపట్టా మీద పరిచాడు. ఒకటి ఏదో షోకుల కారుది, నున్నగా లావుగా ఉంది. ఇంకోటి ఉత్త గొట్టం. మూడోది నడుమ అతుకు వేసిన బొత్తిగా అందంలేని వస్తువు. అప్ప చూపు లావుదాని మీదే పడింది.

"లోపల తడకల మీద తడకలున్నయి సావుకారీ. చప్పుడు మింగుతది, నిజమే. దమ్ము గూడ మింగుతది. బరువుతోని ఎత్తు ఎక్కేటప్పుడు నీ ఇంజన్ పరేషాన్ అయితది. అతుకుదే మంచిది" అన్నాడు మిస్త్రీ తాత.

"నాకు చప్పుడు రావద్దు. గంతే" అన్నాడు అప్ప. మా ఇంట్లో అప్ప గంతే అన్నాక ఇక మాట ఉండదు.

మర్నాడు పొద్దున బిగించాలనుకున్నారు. ఆ మధ్యాహ్నం తిన్నవాళ్ళు తిన్నట్టు కునుకు తీస్తుంటే నేను పెరట్లో నల్లమట్టి పిసికాను. పరుపులోంచి పత్తి లాగి అందులో కలిపాను. ముద్దలు ముద్దలుగా ఆ లావు సైలెన్సర్‌లో పెట్టి, రోకలితో లోపలికంటా కూరాను. మూతి శుభ్రంగా తుడిచాను. నల్లరేగడి ఎండితే రాయి అవుతుందని మా ఊళ్ళో ఏ పిల్లకైనా తెలుసు. కానీ ఆ తర్వాత ఏమవుతుందన్నది నాకు తట్టలేదు.

పొద్దున సైలెన్సర్‌ని చేతిలోకి తీసుకున్నప్పుడు మిస్త్రీ తాత ఒక్క క్షణం ఆగినట్టే గుర్తు. అప్ప తొందరపెడుతుంటే బిగించేశాడు. హ్యాండిల్ తిప్పారు. ఇంజన్ మూడుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ ఆగింది. చూడటానికి వచ్చిన ఇరుగుపొరుగు నవ్వారు. అప్పకు తల కొట్టేసినట్టయింది. "గంత దూరంకెల్లి తుక్కు తెచ్చి అంటగడ్తున్నవా? నిన్ను నమ్మితే గిట్లనే అయితది" అని నలుగురి ముందు ఆ ముసలాయన మీద విరుచుకుపడ్డాడు.

అప్పుడు తెలిసింది నాకు ఇరుక్కోవడమంటే ఏమిటో. నోరు విప్పితే ముందు దెబ్బలు, తర్వాత బీదరు. విప్పకపోతే నా మూలంగా ఆ ముసలాయన దొంగ అవుతాడు. స్తంభం పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మిస్త్రీ తాత సైలెన్సర్‌ని విప్పి గోడ నీడకు తెచ్చుకున్నాడు. పానాతో తట్టి విన్నాడు. వంకర తీగతో లాగితే నల్లటి గడ్డ, దానికి అంటుకుని తెల్లటి పత్తి వచ్చాయి. దాన్ని చూసి, తల ఎత్తి నన్ను చూశాడు. నా గోళ్ళల్లో ఇంకా మట్టి ఉంది. ఆ గడ్డను రుమాల్లో చుట్టి పక్కన పెట్టి, "లోపల పాత మట్టి చిక్కింది సావుకారీ. చూసుకోక తెచ్చిన. తప్పు నాదే" అన్నాడు.

తర్వాత నన్ను పిలిచాడు. వాడిన నీళ్ళు పోయే మా జలదారి దగ్గరున్న బొప్పాయి చెట్టు నుంచి ఒక ఆకు తెంపి, దాని కాడలో సన్నటి కొసను కోసి ఇచ్చాడు. ముక్కు మూసుకుని, ఆ కాడతోనే ఊపిరి తీసుకుంటూ బండి చుట్టూ మూడుసార్లు ఉరకమన్నాడు. బెత్తం పట్టుకుంటాడనుకున్నదాన్ని, ఈ ఆట ఏమిటో అర్థంకాకపోయినా ఉరికాను. మొదటి చుట్టు ఎలాగో అయింది. రెండో చుట్టుకి గుండెలు పగిలిపోతాయేమో అనిపించింది. కాడ ఉమ్మేసి చతికిలపడ్డాను. ఊపిరి ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చింది. దాని వెంటే, ఆ బెల్లంముక్క రోజు నుంచి ఆపుకున్న ఏడుపంతా వచ్చేసింది. వీధి వీధంతా వినబడేటట్టు ఏడ్చాను.

పడ్డానేమోనని అప్ప పరిగెత్తుకొచ్చాడు.

"పడలే. దమ్ము ఆడలే" అన్నాడు మిస్త్రీ తాత. "చప్పుడు తగ్గించొచ్చు సావుకారీ, దమ్ము మూయొద్దు. ఎందుకేడుస్తుందో అడుగు."

అప్ప అడిగాడు. నేను పుట్టాక ఆయన నన్ను సమాధానం కోసం ఏదైనా అడగడం అదే మొదలు.

"నేను బీదరు పోను. మట్టి నేనే పెట్టిన" అన్నాను.

అప్ప చెయ్యి లేచింది. నా మీద పడలేదు. బండి బానెట్ మీద ఆగింది. ఆ చెయ్యి ఇచ్చిన తాంబూలం దానికి గుర్తొచ్చిందని ఇప్పుడనుకుంటాను. మాట ఇచ్చి ఆయనా ఇరుక్కున్నాడు. చివరికి మిస్త్రీ తాత వైపు తిరిగి, "గా అతుకుదే బిగించు" అన్నాడు. ఆ ముసలాయనకు అప్ప చెప్పుకున్న క్షమాపణ అంతే.

రెండురోజులకు అప్ప నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బీదరుకు బయలుదేరాడు. వెనక కందుల బస్తాల మీద నా బట్టల మూట ఉంది. చెప్పీ ఏం లాభం అనుకున్నాను. ఎడ్లు బెదరనంత చప్పుడుతో, ఎత్తులన్నీ సులువుగా ఎక్కుతూ పోయింది ఆ బండి. నాకు దాని మీద పట్టరాని కోపం వచ్చింది. అత్తావాళ్ళ ఇంటి ముందు ఆపి, అప్ప స్టీరింగ్ వదలకుండా, "నాతోని చెప్పినట్టే మీ అత్తతోని చెప్పు. నా నోటికి రాదు" అన్నాడు.

మామ దుకాణానికి పోయాడు. అత్త ఒక్కతే కూర్చుని కొర్రలు చెరుగుతోంది. నేను గడప ఇవతలే నిలబడి చెప్పేశాను. అత్త చేట కిందపెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. ఆమె నవ్వింది, కళ్ళు తుడుచుకుంది.

"నన్ను మాత్రం ఎవ్వరడిగిండ్రు బిడ్డా? ఆయన వచ్చి, పిల్లను తెస్తున్న అన్నడు. సరే అన్న" అంది.

ఆ పూట మాకు అన్నం పెట్టి, మామతో తానే మాట్లాడతానని చెప్పి, నా మూట నా చేతికే ఇచ్చి అప్పతో వెనక్కి పంపింది. మామ ఏడాదిపాటు మా గుమ్మం తొక్కలేదు. తర్వాత ఆయనే వచ్చాడు. అత్త దగ్గరికి నేను ప్రతి వేసవికీ పోయేదాన్ని, నా ఇష్టంతో.

ఇప్పటికీ మా ఇంట్లో ఏ పిల్ల గురించైనా పెద్దలు గుమిగూడితే, ముందు దాన్ని పిలిచి అడగమని అడ్డంపడతాను. ముసలిదాని చాదస్తమని నవ్వుతారు, నవ్వనీ. అది మిస్త్రీ తాత నుంచి తెచ్చుకున్నది. అత్త నుంచి తెచ్చుకున్నది ఇంకోటి ఉంది. పిల్లను అడగడం అయ్యాక, తలుపు చాటున నిలబడి ఎప్పుడూ సరే అనే కోడలి వైపు తిరిగి, "నిన్ను ఎవరన్న అడిగిండ్రా?" అంటాను.