ఫోనులో దిక్కులు చూసిన కుర్రాడు

భవానీపురంలో మా పై వాటా ఖాళీ అయి చాలా రోజులైంది. ఇవాళ సాయంత్రం టులెట్ బోర్డు చూసి ఒక కుర్ర జంట వచ్చారు. ఆ అమ్మాయి వంటిల్లు చూస్తోంది. అతను మాత్రం హాలు మధ్యలో నిలబడి, ఫోను అరచేతిలో పెట్టుకుని, మెల్లగా చుట్టూ తిరుగుతున్నాడు. తొంగి చూస్తే అందులో దిక్సూచి!

నాకు అనుమానం వచ్చేసింది. వాస్తు! ఇంతకుముందు వచ్చినవాళ్ళంతా ఈశాన్యంలో బాత్రూం ఉందనే వెళ్ళిపోయారు. అందుకే అతను అడక్కముందే నేనే అందుకున్నాను.

"ఈశాన్యంలో బాత్రూం ఉంటే ఉంది గానీ, ఇక్కడ దిగినవాళ్ళెవరికీ ఏమీ కాలేదండీ."

అతను తెల్లబోయాడు. "అది కాదండీ. నమాజుకి మక్కాలోని కాబా ఎటో చూస్తున్నా. ఇక్కణ్ణించి పడమర, కాస్త ఉత్తరానికి."

"అంటే, దేవుడు అటువైపు ఉంటాడనా?"

"దేవుడు అన్నివైపులా ఉంటాడండీ. ఏ ఊళ్ళో ఉన్నా అందరం అటే తిరిగితే, అందరం కలిసి నిలబడ్డట్టు."

బాగుందే అనుకుంటూ ఒక్క క్షణం ఊరుకున్నాను. అంతే, అతను ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. "పర్లేదండీ, ఇవ్వం అంటే వెళ్ళిపోతాం. మాకలవాటే."

నా అనుమానం బాత్రూం దగ్గరే ఆగింది. అతనిది ఎన్ని గడపలు దాటి వచ్చిందో!

తాళంచెవి చేతిలో పెట్టాను. అయినా గేటు దాటేలోపు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, పిలిచి మళ్ళీ తీసుకుంటానేమోనని. నా మొహం అంత నమ్మకంగా లేదా? మన వీధిలో నన్ను రోజూ చూసేవాళ్ళు, మీరే చెప్పండి.