సైలెన్సర్‌కు అంటిన దండం

మా మండల నాయకుడు ఎవరు ఎదురైనా రెండు చేతులూ జోడించేవాడు. ఆ చేతులతో ఇంకో పని చేయగా నేను చూడలేదు. ఒకసారి జ్వరంతో ఉన్న నా భార్యను భద్రాచలం దవాఖానాకు తన కారులోనే ఎక్కించుకున్నాడు. చర్ల రోడ్డు మీద గాలికి పడిపోయిన, దండం పెడుతున్న ఆయన బొమ్మ ఫ్లెక్సీ మీదుగానే కారు పోయింది. అది సైలెన్సర్‌కు చుట్టుకుని కరిగి, కంపు పొగ లేచింది. కారు ఆపి, వేడి చల్లారాక డ్రైవర్ కట్టెపుల్లతో గీకబోయాడు.

"అరే, మొఖం మీద గీకకురా! చినగకుండ ఊడదియ్" అని నాయకుడు అడ్డం పడ్డాడు.

నా భార్య వణుక్కుంటూనే అన్నది: "అన్నా, ఫ్లెక్సీ మళ్లొకటి కొట్టిచ్చుకుంటవు. నా పానం పోతే యాడ కొట్టిస్తవ్?"

ముఖం ఊడింది గాని, జోడించిన చేతులు సైలెన్సర్‌కే అతుక్కుని దవాఖానా దాకా వచ్చాయి. ఆ చేతులు ఒకరి పని మీద కదిలింది ఆ ఒక్కసారే.