బీరువా వెనక గొంతు

మొన్న గుంటూరులో మా మనవరాలి కాలేజీ నాటకానికి వెళ్లాను. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే వేశారు. నా పక్కనున్నావిడ నాలుగైదుసార్లు ఆవలించింది తప్ప ఎవరూ ఏమీ అనుకోలేదు. నాకు మాత్రం మా చిన్నత్త గుర్తొచ్చి, తర్వాత నాటకం సరిగ్గా చూడలేకపోయాను.

చిన్నత్త మా నాన్న చెల్లెలు. నరసరావుపేటలో మిషను దొరసాని నడిపే బడిలో టీచరు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటేడు బడికి బావి తవ్వించాలని, టిక్కెట్లు పెట్టి నాటకం వేద్దామన్నారు. దొరసాని తన పెట్టెలోంచి ఒక ఇంగ్లీషు హాస్య నాటకం తీసిచ్చింది. పెత్తనాల పెద్దమ్మ చెప్పాపెట్టకుండా ఊడిపడితే, ఆవిడకి తెలియకుండా పెళ్లి చేసుకున్న కుర్రాడు బీరువాలో దాక్కోవడం, దాని చుట్టూ గందరగోళం. చిన్నత్తే దాన్ని తెలుగులోకి మార్చింది. లండను సత్తెనపల్లి అయింది, వాళ్లు గుక్కగుక్కకీ తాగే టీ మజ్జిగయింది. పెద్దమ్మ వేషం లెక్కల పంతులుగారికిచ్చారు. పాపం ఆయన ఏ మాటన్నా ఎక్కం ఒప్పజెప్పినట్టే ఉండేది. ఒకరోజు ఎట్లా అనాలో చూపిద్దామని చిన్నత్త కొంగు నడుముకి చెక్కి నాలుగు మాటలంది. దొరసాని నవ్వి నవ్వి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. "ఈ వేషం నీదే" అంది.

ఇంటికొచ్చి చెప్తే నాన్న కంచం ముందు నుంచి లేచాడు. ఆయన చర్చి సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశి, మాట గట్టిది. "మాచర్ల సంబంధం వాళ్లు ఆ వారంలోనే వస్తుండారు. పిల్ల మొకానికి రంగేసుకుని గంతులేస్తే ఏందనుకుంటారు?" అన్నాడు. చిన్నత్త సరేనంది. అమ్మానాన్నా పోయాక పెంచింది ఆయనే.

అలా వేషం మళ్లీ పంతులుగారికే పోయింది. చిన్నత్త బీరువా వెనక కూర్చుని మాటలు అందించాలి. మాచర్ల వాళ్లు సాయంత్రం రైలుకి దిగి నాటకానికీ వచ్చారు. పెళ్లికొడుకు తల్లి ఆడవాళ్ల వరసలో నా పక్కనే కూర్చుంది. రెండో అంకంలో పంతులుగారు చీర కుచ్చిళ్లు పట్టుకుని నోరు తెరిచి నుంచుండిపోయాడు. చిన్నత్త అందించింది, ఆయనకి ఎక్కలేదు. ఉన్నట్టుండి బీరువా వెనక నుంచి పెద్దమ్మ గొంతు లేచింది. "మాటల్లేక నోరు తెరిచాననుకుంటున్నావా? నిన్ను ఏ మూల నుంచి తిట్టడం మొదలెట్టాలా అని చూస్తున్నా."

ఆ మాట పుస్తకంలో లేదు. జనం విరగబడ్డారు. పంతులుగారు తెలివైనవాడు, అక్కణ్ణించి పెదాలు మాత్రం కదిపాడు, మాటలన్నీ చిన్నత్తే అంది. పెళ్లికొడుకు తల్లి నవ్వలేక పొట్ట పట్టుకుంది. బయటికొచ్చాక నాన్ననడిగింది, "ఎవరయ్యా ఆ గొంతు?" అని. "ఎవరో పంతులుగారులెండి" అన్నాడు నాన్న. ఇంటికెళ్లాక, ఈ సంగతి అత్తవారింట ఎన్నడూ ఎత్తనని చిన్నత్త చేత మాట తీసుకున్నాడు.

పెళ్లయింది. అత్తగారు చానా మంచి మనిషి, నవ్వు మనిషి. ఇంటికెవరొచ్చినా ఆ నాటకం సంగతి చెప్పేది. చిన్నత్త పక్కనే చిక్కుడుకాయలు వలుస్తూ వినేది. "తప్పు చెప్తుందే. ఆగాల్సిన చోట ఆగదు, నవ్వెట్టా వస్తుంది?" అని నేను వెళ్లినప్పుడు నాతో గొణిగేది. "అది నువ్వేనని చెప్పకూడదా?" అంటే, "అన్నయ్యకి మాటిచ్చాగా" అనేది. తర్వాత ఏ బడిలోనూ పని చెయ్యలేదు, ఏ నాటకంలోనూ లేదు.

ఎన్నో ఏళ్లకి అత్తగారు పోయినప్పుడు నాన్నా నేనూ మాచర్ల వెళ్లాం. చిన్నత్త భర్త మాటల్లో అన్నాడు, "మంచం మీద కూడా అమ్మకి అదే గోల బావా. ఆ పంతుల్ని ఒక్కసారి పిలిపించరా, నవ్వుకుంటూ పోతాననేది." నాన్న తలొంచుకున్నాడు.

కొన్ని నెలలకి మళ్లీ వెళ్లాం. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, చెల్లెలి మొహం చూడకుండా అడిగాడు నాన్న. "అమ్మాయ్, ఆ పెద్దమ్మ మాటలు ఒకసారి అంటావా? నేనూ ఆ రోజు సరిగ్గా వినలేదు."

చిన్నత్త కొంగు సర్దుకుని నుంచుంది. నోరు తెరిచింది. రెండు మాటలన్నాక ఆగిపోయింది. మళ్లీ మొదలెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. "గుర్తు రావట్లేదన్నయ్యా" అని నవ్వి, గ్లాసు తీసుకుని లోపలికెళ్లింది.

కాలం మనుషుల్ని మెత్తబరుస్తుందంటారు. మా నాన్ననీ మెత్తబరిచింది, కాదనను. కాకపోతే ఆయన మెత్తబడేదాకా ఆ మాటలు చిన్నత్త దగ్గర కాచుకుని కూర్చోలేదు.