నడక లేదన్న బాట

నా ఫైలులో మొదటి కాగితం ఒక నోటీసు. 2006 డిసెంబరులో దాన్ని మా పంచాయతీ గోడకు అంటించిన రోజే నకలు రాసుకున్నాను; రిటైరైన బడిపంతులుని, కాగితాలు దాచుకోవడం నా అలవాటు. అందులోని వాక్యం ఇది: “సదరు కాలిబాటపై గత రెండు మాసములుగా ప్రజల నడక కనిపించనందున, దానిని నక్షా నుండి తొలగించుటకు ప్రతిపాదించడమైనది.” అభ్యంతరం ఉన్నవారు ఇరవై తొమ్మిదో తేదీ పదకొండు గంటలకు స్వయంగా, బాట పోయే నల్లగుట్టపైకి వచ్చి చెప్పుకోవాలట. ఎవరూ రాకపోతే ఊరి పటంలోంచి బాట పోయినట్టే.

మొయినాబాద్ నుండి చేవెళ్లకు పోయే రోడ్డు మీద సాఫ్ట్‌వేర్ కంపెనీల క్యాబులు తిరగడం మొదలైన కాలమది. ఎకరాల లెక్కన చెప్పుకునే చెలకలను గజాల లెక్కన చెప్పుకోసాగారు. మా నల్లగుట్ట కింద ఇళ్ల స్థలాలు అమ్మే వెంచర్ ఒకటి వెలిసింది. బాట ఒక్కటి లేకుంటే గుట్టనంతా కలుపుకొని కంచె వేసుకోవచ్చునని దాని యజమానుల ఆశ.

ఆ బాట బీరమ్మదని ఏ పట్టాలోనూ లేదు. కానీ అరవై రెండేళ్ల ఆ కురుమ స్త్రీ నలభై ఏళ్లుగా తన గొర్రెలను ఆ బాట మీదుగానే గుట్ట అవతలి మేత భూమికి తోలుకుపోయేది. ఊళ్లోని మిగతా మందలు ఒక్కొక్కటే అమ్ముడుపోగా, ఆ బాటన రోజూ నడిచే మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. బతుకమ్మ పండుగ దాటిన వారానికి ఆమెకు నిమ్ము చేసింది. ఇరవై రోజులు దవాఖానలో, ఆ తర్వాత ఇంట్లో మంచం మీద. గొర్రెలను తమ్ముడు షాబాద్‌కు తోలుకుపోయాడు. బాట మీద గడ్డి మొలిచింది.

ఆమె ఇంటి అరుగు మీద కూర్చొని నోటీసు చదివి వినిపించాను.

“మల్ల సదువు సారూ.”

మళ్లీ చదివాను.

“అంటే, నాకు జరమొస్తే బాట సచ్చిపోయిందా? నేను పండుకున్న దినాలు సూసి నడక లేదని రాసిండ్రా?”

“అట్లనే ఉన్నది.”

“మరి నేను బతికి లేసిన గద! ఎన్నడు రమ్మన్నరు?”

లోపలి నుండి కూతురు మమత అరిచింది: “గడప దాటితే దగ్గొస్తున్నది, గుట్టెక్కుతదట గుట్ట! సారూ, మీరన్న జర చెప్పుండ్రి.”

“ఇరవై తొమ్మిదో తారీఖు, పదకొండింటికి” అన్నాను బీరమ్మతో. అప్పటికే నా మనసు ఉడుకుతున్నది.

దవాఖానలో వైద్యుడు ఆమెకిచ్చిన చీటీ తీసి చూశాను. “రోజూ మెల్లగా నడవవలెను. అలసట కలిగిన వెంటనే ఆగవలెను.” ఆ చీటీని కూడా ఫైలులో పెట్టుకొని, ఇరవై తొమ్మిదిన పొద్దున తొమ్మిదింటికే ఆమెతో బయలుదేరాను. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అరగంటలో ఎక్కే గుట్టకు రెండు గంటలు కేటాయించాను. మంచు విడిపోయి ఎండ వెచ్చగా ఉన్నది. ఆమె భుజాన నల్ల గొంగడి, చేతిలో కర్ర. తంగేడు పొదల దగ్గర మొదటిసారి ఆగాము. బండరాయి మలుపులో ఆమె తూలబోతే చెయ్యి అందించాను.

“ముట్టకు సారూ. నువ్వు వట్టుకుంటే మోసుకొచ్చిండ్రని రాస్తరు.”

నాలుగోసారి ఆగిన చోటు నుండి గండిపేట నీళ్లు, వాటికి అవతల దూరంగా అద్దాల మేడలు కనిపించాయి. “అండ్ల మెట్లెక్కరంట గద? పెట్టెల నిలవడితె పైకి పోతరంట. నడకంటే ఏందో వాళ్లకెట్ల ఎరుకైతది!” అని నవ్వబోయి దగ్గింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. పెదవులు పాలిపోయాయి. ఇక దిగిపోదామన్నాను.

“ఆగినమంటే ఆగినం. దిగుడు వేరే ముచ్చట.”

మేము పైకి చేరేసరికి పదకొండుంబావు. వెంచర్ వాళ్లు వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని విచారణాధికారి పంచనామా రాస్తున్నాడు. వెంచర్ మేనేజరు ధనరాజ్ పక్కన నిలబడి, “ఎవ్వరు రాలే సార్” అంటున్నాడు.

“నేను మనిషి లెక్కల లేనా?” అన్నది బీరమ్మ, రొప్పుతూనే.

రెండు నెలలు నడక ఎందుకు లేదో వివరించి దవాఖాన చీటీ అధికారికి ఇచ్చాను. ధనరాజ్ తొంగిచూసి అందుకున్నాడు: “చూడుండ్రి సార్, అలసటైతే ఆగవలెనని డాక్టరే రాసిండు! ఈ అవ్వ ఎక్కనే గూడదు. అవ్వా, పానం మీదికి తెచ్చుకోకు. అవుతలి దిక్కున మా జీపున్నది, ఇంటికాడ దింపిస్త.”

నేనిచ్చిన కాగితమే మాకు ఎదురు తిరిగింది.

“ఆగుమన్నడు బిడ్డా, ఆగిన. ఏడుసార్లు ఆగిన. బందువెట్టుమనలే.”

అప్పుడు తీశాను మరో కాగితం. వెంచర్ వాళ్లు ఊరూరా పంచిన రంగుల బ్రోచర్ అది. అట్టమీద మా గుట్ట, గుట్ట మీద ఈ బాట. కింద పెద్ద అక్షరాలు: “ప్రతి ఉదయం మీ సొంత గుట్టపై హాయిగా నడవండి!”

“నడక లేదని కొట్టేయమంటున్న బాటను నడక కోసమే అమ్ముతున్నారు. అంతేకాదు, ఫొటో జర దగ్గర పెట్టుకొని చూడండి” అన్నాను.

బాట మధ్యలో చీమంత మనిషి, భుజాన నల్ల గొంగడి, ముందు నాలుగైదు తెల్ల చుక్కలు. అధికారి ఫొటోను చూశాడు, ఆమె గొంగడిని చూశాడు.

“ఇది నువ్వేనా అవ్వా?”

బీరమ్మ బ్రోచరును కళ్లకు దగ్గరగా పెట్టుకున్నది. “నా మొకమైతే కనవడుతలేదు సారూ. గని ముందల వోతున్న కుంటి గొర్రె నాదే.”

ధనరాజ్ ఫోను తీసుకొని పక్కకు పోయాడు. అధికారి రాసిన వాక్యాన్ని కొట్టివేసి, కొత్తది రాసి చదివాడు: “బాట వాడుకలో ఉన్నది. బీరమ్మ అను స్త్రీ ఈ బాటన నడిచి వచ్చినది.”

“‘వచ్చినది’ గాదు. ‘వస్తది’ అని రాయి.”

“రేపటి సంగతి పంచనామాలో రాయరాదవ్వా.”

“రాయకుంటే మానె. రేపు గిదే యాల్లకు వచ్చి సూడు” అని వేలిముద్ర వేసింది.

నక్షాలో బాటను చూపే చుక్కల గీత అట్లనే ఉండిపోయింది. మరునాడు తొమ్మిదింటికి మా ఇంటి ముందు దగ్గు వినిపించింది. నేను చెప్పులు వేసుకొని బయటికి వచ్చేసరికి ఆమె అప్పటికే నాలుగడుగులు ముందున్నది.

“సారూ, ఇయ్యాల ఆరుసార్లే ఆగుత. రాసుకో.”