గోడకెక్కని ముఖాలు

మా మేడ కింద ముప్పై ఏళ్లుగా ఒక ఫోటో స్టూడియో ఉంది. దాన్ని నడిపే మనిషిని పిల్లా పెద్దా అందరూ ఫోటో బాబాయ్ అంటారు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. నాకు బాబాయ్ కావడానికి ఏ వరుసా ఒప్పుకోదు. అయినా నేనూ అలాగే పిలుస్తాను. బిరుదులకు వయసు పట్టింపు లేదు.

వీధి చివర ఒక విదేశపు వీసా కార్యాలయం ఉంది. అక్కడిచ్చే ఫోటోకు నియమాలు కఠినం: వెనక తెల్లని తెర, రెండు చెవులూ కనబడాలి, పళ్లు కనబడకూడదు. "నవ్వు ఇంట్లో పెట్టి రండమ్మా, వీసా వచ్చాక వాడుకుందురుగాని" అనేవాడు బాబాయ్. ఆయన తీసిన ఫోటోను ఆ కార్యాలయం ఏనాడూ వెనక్కి పంపలేదు. ఫోటో సరిలేనివారిని అక్కడి కౌంటరు పెద్దమనిషే బాబాయ్ దగ్గరికి పంపేవాడు.

స్టూడియోలో ఒక ఆనవాయితీ ఉండేది. ప్రతి ఫోటోకూ ఒక ప్రతి బాబాయ్ తన దగ్గర ఉంచుకొనేవాడు. వీసా వచ్చిందని కబురు తెలిస్తే దాన్ని గోడకు అతికించేవాడు, రాకపోతే బల్ల సొరుగులో వేసేవాడు. "గోడెక్కినవాడు విమానమెక్కినట్టే" అని వీధిలో సామెత కూడా పుట్టింది. బడిలో ఎన్ని వందల సామెతలు వల్లె వేయించానో గాని, ఒకటి పుడుతుండగా చూసింది ఇక్కడే.

సొరుగువాళ్లకు ఆయన దగ్గర ఒకటే మాట: "కాగితం సరిగ్గా ఉంటే వాళ్లెందుకు కాదంటారు? మీరే ఎక్కడో తప్పు రాసుంటారు." ఎదురు కొట్టులో బట్టలు కుట్టే ఆవిడ, భర్త పోయిన మనిషి, ఆ దేశంలో ఉన్న అక్కను చూసి వద్దామనుకుంది. వీసా రాలేదు. ఆమెతోనూ బాబాయ్ ఈ మాటే అన్నాడు.

"నేను గుడ్డ కత్తిరించేదాన్ని అన్నయ్యగారూ. కొలత తప్పను" అంది ఆవిడ. ఆ తర్వాత నాలుగేళ్లు రోడ్డు దాటి ఇటు రాలేదు.

బాబాయ్ పెళ్లి చేసుకోలేదు. ఉన్నది ఒక్క చెల్లెలు. ఆ దేశంలోనే ఒక వృద్ధాశ్రమంలో పదకొండేళ్లుగా ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టే ఉద్యోగం. తమకు చేతులు చాలక ఆ దేశంవాళ్లు పిలిపించుకొన్న చేతులవి. ఈ వేసవిలో ఆమె కడుపులో గడ్డ ఉందని, ఆపరేషన్ తప్పదని అన్నారు.

"ఒక్క నెల వచ్చి ఉండు అన్నయ్యా. మత్తు దిగి కళ్లు తెరిచేసరికి మన మొహం ఒకటి కనిపిస్తే చాలు" అంది ఫోనులో.

బాబాయ్ ఆ రోజే తన ఫోటో తానే తీసుకొన్నాడు, టైమరు పెట్టి, పరుగున వెళ్లి కుర్చీలో కూర్చుని. గోడ మీద దానికి చోటు కూడా చూసి పెట్టుకొన్నాడు.

ఇంటర్వ్యూ మూడు నిమిషాలు. తిరిగి వచ్చి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"పెళ్లయిందా అన్నాడు మాస్టారూ. లేదండీ అన్నాను. ఇల్లు? అద్దెదండీ. స్టూడియో? అదీ అద్దెదేనండీ. మరి తిరిగి రావడానికి మీకిక్కడ ఏముంది అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఆలోచిస్తున్నాను. ఈలోగా కాగితం ఇచ్చేశాడు. డాక్టరు రాసిన ఉత్తరం విప్పనే లేదు."

కాగితంలో ఒకటే వాక్యం: తిరిగి వస్తారన్న నమ్మకం కలగలేదు. పిల్లలు అలా రాస్తే నేను పక్కన ఎర్ర సిరాతో "ఎవరికి?" అని అడిగేవాణ్ణి. అడగవలసినచోట ఇప్పుడు నా దగ్గర ఎర్ర సిరా లేదు.

బాబాయ్ కౌంటరు దగ్గర కూడా ఆగాడట. ఇరవై ఏళ్ల పరిచయం కదా. ఆ పెద్దమనిషి తల ఎత్తలేదు. "నేను కవర్లు అందించేవాణ్ణి బాబాయ్, తెరిచేవాణ్ణి కాదు. తర్వాతివాళ్లు రండి" అన్నాడట.

మధ్యాహ్నం నేను కిందికి దిగేసరికి సొరుగు బల్ల మీద బోర్లించి ఉంది. బాబాయ్ ఒక్కో ఫోటో తిప్పి, వెనక తాను రాసుకొన్న వివరం చదువుతున్నాడు. పెళ్లికాని నర్సు. అద్దె ఇంటి మేస్త్రీ. రేకుల ఇళ్ల పేటవాడు. మళ్లీ రేకుల ఇళ్ల పేటే. తర్వాత గోడ వైపు చూశాడు. పెద్ద కొట్లవాళ్లు, మేడలవాళ్లు, వాళ్ల అల్లుళ్లు.

"ఆ మూల ఉన్నాయన పుట్టిన తేదీ తప్పు రాశానని నాతో నవ్వుకుంటూ చెప్పాడు మాస్టారూ. ఆయనకు మూడుసార్లు ఇచ్చారు" అన్నాడు. సొరుగు వైపు తిరిగి, "ముప్పై ఏళ్లుగా నేనే వేరుచేసి పెడుతున్నాను. ఒక్కసారీ చూడలేదు" అన్నాడు.

ఒక ఫోటో జేబులో వేసుకొని రోడ్డు దాటాడు. నేనూ వెంట వెళ్లాను. కుట్టు ఆవిడ మిషను ఆపలేదు.

"మీరు తప్పేమీ రాయలేదమ్మా" అంటూ ఆమె ఫోటో ఆమె ముందు పెట్టాడు.

"ఆ సంగతి నాకు అప్పుడే తెలుసండీ." ఇంకో వరుస కుట్టి అడిగింది: "మీకూ అదే వాక్యమా?"

"అదే."

"ఆ కుర్చీలో బొత్తాల డబ్బా ఉంది. కింద పెట్టి కూర్చోండి అన్నయ్యగారూ."

గురువారం ఆపరేషన్. బాబాయ్ స్టూడియో తెరవలేదు. పొద్దుటి నుంచీ ఆ కుర్చీలోనే, ఫోను ఒళ్లో పెట్టుకొని. మూడింటికి అది మోగితే, నేనూ వినేలా స్పీకరు నొక్కాడు. ఆవిడ మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపింది.

"అయిపోయింది అన్నయ్యా. ఇప్పుడే కళ్లు తెరిచాను." గొంతు పీలగా ఉంది.

"ఎవరున్నారమ్మా ఎదురుగా?"



"గోడుంది అన్నయ్యా. తెల్లగా, నీ స్టూడియో తెరలా."