జోగమ్మ విడిపించుకున్న నేల

శ్రీకాకుళం నుంచి ఈ హిందీ ఊరికి వలసొచ్చిన మా అత్త జోగమ్మ ఇక్కడి సాక్చి బజారులో ఇడ్లీ బండి నడుపుతుంది. నోరు పెద్దది. చట్నీ ఇంకాస్త వెయ్యమన్నవాణ్ణి ముందు తిడుతుంది, ఆ తర్వాత గరిటె నిండా వేస్తుంది. ఆవిడ కోడల్నని చెప్పుకోవడం నాకు భలే గర్వం. ఎందుకో చెబుతాను.

ఆదిత్యపూర్‌లో మా మామ అసిరయ్య కొన్న ఇంటిస్థలం ఉండేది. నా మొగుడు పైడిబాబుకు చిన్నప్పుడు గుండె ఆపరేషన్ చేయించాల్సి వచ్చి, మామ దాన్ని ఒక షావుకారుకు అప్పగించి తాకట్టు పెట్టాడు. అప్పుడు అత్త ఒకే ఒక్కటి అడిగిందట. అక్కడ వేపచెట్టు కింద మావాళ్ళు నిలిపిన నూకాలమ్మ రాయికి ఏటా ఉగాది ముందొచ్చే కొత్త అమావాస్యనాడు పూజ చేసుకోనివ్వాలని. షావుకారు సరేనన్నాడు. అప్పు తీరకముందే మామ పోయాడు, ఆ వెనకే షావుకారూ పోయాడు. షావుకారు కొడుకు ఆ స్థలం తన సొంతమన్నట్టు సూర్యం అనే లేత్ షాపు యజమానికి అమ్మేసి ఊరు వదిలి చక్కా పోయాడు.

సూర్యం మా శ్రీకాకుళం వైపువాడే. చుట్టూ గోడ కట్టి గేటు పెట్టాడు. అయినా కొత్త అమావాస్యకు అత్త పసుపూ చలివిడీ పట్టుకెళితే తనే వచ్చి తాళం తీసేవాడు.

తీరా అత్త బాకీ అంతా కూడబెట్టి తీసుకెళ్ళేసరికి మాట మార్చాడు. తాకట్టు సంగతి తనకు తెలియదనీ, డబ్బిచ్చి కొనుక్కున్నాననీ, అమ్మినవాణ్ణే అడుక్కోమనీ అన్నాడు. బిర్సానగర్‌లో మా వీధి వీధంతా ఆ స్థలం మీద ఆశ వదులుకోమంది. నా మొగుడైతే మరీను, "ఛోడ్ దో అమ్మా" అనేశాడు.

"నీ పేణం కోసం ఎట్టిన బూమిరా అది," అంది అత్త. "తాకట్టెట్టాం గానీ అమ్మలేదు. చేతులు మారితే ఆలదైపోద్దేటి?"

కోర్టుకెక్కింది. వాయిదా రోజున బండి మీద అమ్మకం ముగించుకుని, పిండి మరకల చీరతోనే వెళ్ళేది. చీర మార్చుకోమంటే నన్నే తిట్టేది.

చివరికి సూర్యాన్ని బోనెక్కించారు. తాకట్టు గురించి ఏమీ తెలియదని హిందీలో గడగడా చెప్పాడు. మరి ఏటా ఈవిడకు గేటెందుకు తీశావని మా వకీలు అడిగాడు. సూర్యం ఎంతైనా మనవాడు, నూకాలమ్మ విషయంలో అబద్ధమాడడానికి నోరు రాలేదు. హిందీ వదిలేసి తెలుగులోకి వచ్చేశాడు.

"అమ్మోరి జోలికి నానెల్లను బాబూ. తాకట్టు ఇడిపించుకునేదాకా ఆల పూజ ఆపొద్దని అమ్మినాయనే సెప్పినాడు."

ఆ మాట హిందీలోకి మార్చి జడ్జిగారికి చెప్పేలోపే అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే. తాకట్టు నేలని తెలిసే కొన్నాడని తేలిపోయింది. బాకీ కట్టించుకుని స్థలం జోగమ్మకు అప్పగించమని తీర్పొచ్చింది.

మొన్న కొత్త అమావాస్యకు ఆ గేటు తాళంచెవి అత్త బొడ్డులో దోపుకుంది. మేమంతా గేటుకు లోపల తాళం వేసుకుని వేపచెట్టు కింద పూజకు కూర్చుంటే, సూర్యం పానకం చెంబుతో వచ్చి, తియ్యమని అడగడానికి మొహం చెల్లక బయటే నిలబడ్డాడు. ఇన్నేళ్ళు కోర్టు చుట్టూ తిప్పినవాడు! నేనైతే చచ్చినా తీసేదాన్ని కాదు. అత్త లేచి వెళ్ళి తనే తాళం తీసింది.

"నాకు నువ్వేనాడూ గేటు ముయ్యలేదు," అంది. "రా, ముందు నువ్వే పసుపెట్టు."