ఖాళీ బండి

అంజయ్య దృష్టిలో బండి అంటే బరువు మోసేదే. కిష్టారెడ్డిపేటలో పొలం ఉన్న రోజుల్లో వాళ్ల నాయన ఎడ్లబండి కొనాలంటే ముందు బస్తాలు ఎత్తించి, ఊరి చుట్టూ తోలి చూసేవాడు. ఖాళీ బండి తోలి మంచిచెడ్డలు చెప్పేవాణ్ణి చూసి ఊరంతా నవ్వేది. పొలం ప్లాట్లయింది, ఎడ్లు పోయాయి, పికప్పు వచ్చింది. ఆ బుద్ధి మాత్రం పోలేదు. కొంప ముంచింది ఆ బుద్ధే.

అంజయ్య బొల్లారంలోని ఒక మందుల కంపెనీకి డ్రమ్ములు తోలేవాడు. ఆ కంపెనీ గోదాముకు కొత్తగా ఎత్తు ప్లాట్‌ఫారం కట్టించింది. డ్రమ్ములు దాని మీది నుంచి నేరుగా బండిలోకి దొర్లాలి. అంజయ్య పాత పికప్పేమో నాలుగు డ్రమ్ములు పడగానే వెనక కుంగిపోయేది. ఎత్తు చేయించుకోకపోతే మళ్లీ రావద్దని స్టోరు సూపర్‌వైజరు మొహం మీదే చెప్పాడు. అంజయ్యకు కూడు పెట్టేది ఆ ఒక్క పనే.

పటాన్‌చెరులో చంద్రకాంత్ షెడ్డుకు పోయాడు. చంద్రకాంత్ బండి కింద దూరి చూసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

“అంజన్నా, ఇరుసు మీద ఇనుప దిమ్మలు పెడితే ఎత్తయితది, కుదుపు ఇప్పటి లెక్కనే ఉంటది. కానీ లోడేస్తే మళ్ల కుంగుతది. పాత స్ప్రింగు పట్టీలు కొలిమిల పెట్టి వంచినా గంతే. గట్టిగ నిలవాల్నంటే ఆ పట్టీల కట్టకు, గదే కమాన్ కట్టకు, ఇంకో రెండు పట్టీలు ఎయ్యాలె. ఎంత లోడైనా ఆగుతది. ఖాళీగ పోతే మాత్రం ఎగిరేస్తది.” సీటు వైపు చూసి అడిగాడు: “వదినె గూడ గీ బండ్లనే గద దవాఖానకు పోయేది?”

వదినె అంటే అంజయ్య భార్య పుష్పమ్మ. ఆమెకు వెన్నులో గడ్డ. సంగారెడ్డిలో వారం వారం సూదిమందు ఎక్కించాలి. అది తప్పకుండా ఎక్కిస్తే గడ్డ ఆగవచ్చు, తప్పితే ఇక తన చేతిలో ఏమీ లేదని డాక్టరమ్మ చెప్పింది. పుష్పమ్మ కారులోకి వంగి దూరలేదు, బస్సు మెట్లెక్కలేదు. పికప్పయితే ఇంటి అరుగు మీది నుంచి సీటు మీదికి జరిగితే చాలు.

“ఆమె వారానికొక్కపారి ఎక్కుతది. లోడు రోజూ ఎక్కుతది. పట్టీలే ఎయ్యి,” అన్నాడు అంజయ్య.

పట్టీలు పడ్డాక నాయన చేసినట్టే చేశాడు. బండి నిండా డ్రమ్ములెత్తించి తోలాడు. బండి మెత్తగా సాగింది. “ఎగిరేస్తదంటివి, యాడ ఎగిరేసింది తమ్మీ?” అని చంద్రకాంత్‌ను ఆటపట్టించాడు కూడా. లోడు దించి ఇంటికి వస్తుంటే నడుము అదిరిన మాట నిజమే. అయితే ఏం, అది ఆరోగ్యమైన నడుము, పట్టించుకోలేదు.

ఆ వారం పుష్పమ్మ ఎక్కింది. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే బండి వెనక ఎగిరిపడింది. పుష్పమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. “ఏమయ్యా, జెర మెల్లగ,” అంది. అంతకన్నా మెల్లగా నడిపితే బండి ఆగిపోతుంది. అంజయ్య ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఎడమచెయ్యి ఆమెకు అడ్డం పెడుతూ, తనను తాను తిట్టుకుంటూ తోలాడు. సంగారెడ్డిలో ఆమెను స్ట్రెచర్ మీద దించారు.

పట్టీలు తీయిస్తే కంపెనీ గేటు దాటనివ్వదు. ఉంచితే ఈమె ప్రాణం తోడేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి అంజయ్యకు తట్టింది: బరువుంటేనే కదా మెత్తన! మరుసటి వారం నీలం డ్రమ్ములు బండిలో పెట్టి బోరు నీళ్లతో నింపాడు. కుదుపు నిజంగానే తగ్గింది.

“గీ నీళ్లెవరికి?” అంది పుష్పమ్మ.

“గిరాకున్నది.”

సాయంత్రం ఇంటి ముందు దిగుతూ ఆమె డ్రమ్ముల వైపు చూసింది. “తీస్కపోయిన నీళ్లు మళ్ల తెస్తివి. మంచి గిరాకే నీది.” ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు వినబడ్డది అదే ఆఖరు.

తర్వాత ఆమె కాళ్లు చచ్చుబడ్డాయి. మొదటిరోజు కుదుపుకే వెన్నుపూస చిట్లిందో, గడ్డే తినేసిందో డాక్టరమ్మ తేల్చి చెప్పలేదు. అంజయ్య అడగనూ లేదు, భయం.

ఆసుపత్రి రోజు మళ్లీ వచ్చింది. డ్రమ్ములు నింపి, బండిని అరుగుకు ఆనించాడు.

“నేను రానయ్యా. నీళ్లు పారబొయ్యి.”

“ఇయ్యాల ఇంకో డ్రమ్ము ఎక్కువ నింపిన పుష్పా. జెర గూడ కదలది.”

“కుదుపు కాదు. నువ్వు ఎంత మెత్తగ తోలినా నాకు నొప్పే. నన్ను ఈడనే పండుకోనియ్యి.”

అతను బతిమాలాడు, కోప్పడ్డాడు, ఏడ్చాడు. ఆమె కళ్లు మూసుకుంది. చాలాసేపటికి అంజయ్య లేచి డ్రమ్ములు ఒక్కొక్కటే వంచాడు. నీళ్లు వాకిలి దాటి రోడ్డెక్కాయి. బరువు తగ్గేకొద్దీ బండి వెనకభాగం లేస్తూ లేస్తూ, కంపెనీ అడిగిన ఎత్తుకు వచ్చి నిలబడింది.

“లోడుకు ఆలస్యమైతుంది, పో,” అంది పుష్పమ్మ లోపలి నుంచి.

పోయాడు. బొల్లారం దారిలో స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఖాళీ బండి ఎగిరిపడింది. అప్పుడల్లా అంజయ్య ఎడమచెయ్యి దానంతట అదే పక్కసీటుకు అడ్డంగా పోయింది.